తోకచుక్కకు తాఖీదు

మా గండి కాడ ఆకాశం చూడ్డానికి ఒక షరతుంది. వేంపల్లె నుంచి రాయచోటి పోయే దారిలో, పాపఘ్ని కొండల్ని చీల్చుకుని బయటపడే చోట, రెండు కొండల నడుమ వాయుదేవుడు కట్టిన బంగారు తోరణం ఉందంటారు. లంక గెలిచి వచ్చే రాముడికి స్వాగతంగా కట్టాడట. అది అందరి కళ్ళకూ ఆనదు. పుణ్యాత్ములకే కనబడుతుంది, అదీ వాళ్ళకు చావు దగ్గరపడినప్పుడే. దత్తమండలాలకు కలెక్టరుగా చేసి, ఆ తర్వాత మద్రాసు గవర్నరైన థామస్ మన్రో ఇటుగా పోతూ తలెత్తాడనీ, బంగారు తోరణం ఎవరు కట్టారని అడిగాడనీ, వెంట ఉన్నవాళ్ళకు నోట మాట రాలేదనీ కథ. కొన్నాళ్ళకే, 1827 జులై 6న, పత్తికొండలో ఆయన కలరాతో పోయాడు. కలరా పద్దులో రాయాల్సిన చావును తోరణం పద్దులో రాసుకున్నాం. మా లెక్కలెప్పుడూ అట్లాగే ఉంటాయి.

ఈ కథతో తెలుగునేలకు ఒక ఆరోగ్యసూత్రం దొరికింది: పైకి చూసినోడు బతికి బట్టకట్టడు. శ్రావణ శనివారాల్లో వీరాంజనేయ స్వామి దర్శనానికి కిక్కిరిసిపోయే జనాన్ని చూడండి. ఒక్కడైనా తలెత్తుతాడేమో వెతకండి. అందరి చూపూ బయట విడిచిన చెప్పుల మీదే ఉంటుంది. దీర్ఘాయుష్మాన్ భవ.

మేం దీన్ని నమ్మకంగా మాత్రమే పాటించాం. ఆఫీసు తాఖీదుగా మార్చిన ఘనత హైదరాబాదుది.

మనాలి కల్లాట్ వేణు బప్పు అనే కుర్రాడి సంగతి చెబుతున్నా. తెలుగువాడని మీసం తిప్పడానికి లేదు. వాళ్ళది కేరళ కుటుంబం, ఆయన 1927 ఆగస్టు 10న పుట్టింది మద్రాసులో. కానీ పెరిగింది హైదరాబాదులో, చదివింది నిజాం కాలేజీలో. తండ్రి నిజామియా వేధశాలలో ఉద్యోగి కాబట్టి పిల్లాడికి ఆటస్థలమే దుర్భిణి. ఇట్లాంటి ఇంట్లో పుట్టిన పిల్లాణ్ణి మన తల్లిదండ్రులైతే పదో తరగతి దాటగానే హాస్టల్లో పడేసి, కిటికీలకు తడికెలు కొట్టించి, ఆకాశం కనబడకుండా కాపాడుకునేవాళ్ళు. ఆ ఇంట్లో ఆ ముందుచూపు లేకపోయింది. కుర్రాడు పాడైపోయాడు. హైదరాబాదు ప్రభుత్వమే స్కాలర్‌షిప్ ఇచ్చి 1949లో అమెరికాలో హార్వర్డుకు పంపింది.

అక్కడ ఆ డిపార్టుమెంటుకు పెద్ద హార్లో షాప్లీ. మన సూర్యుడు పాలపుంత నడిబొడ్డున లేడని, ఎక్కడో శివారులో కాపురమున్నాడని తేల్చిన మనిషి. పాలపుంత మీదనే బతుకంతా గడిపిన బార్ట్ బాక్ ఇంకో గురువు. అక్కడికి చేరిన కొద్ది నెలలకే, 1949 జులై 2న, ఒక ఫొటో పలక మీద మనవాడి కంటికి ఒక మసక మరక తగిలింది. చూస్తే తోకచుక్క. బాక్, గార్డన్ న్యూకర్క్ కూడా చూసి ఖాయం చేశారు. బప్పు-బాక్-న్యూకర్క్ అని ముగ్గురి పేర్లూ దానికి పెట్టారు. పసిఫిక్ ఖగోళ సంఘం పతకమిచ్చి మెడలో వేసింది.

మరి డబ్బిచ్చి పంపిన హైదరాబాదు ఏం వేసింది? ఖగోళశాస్త్రవేత్తలు ఇప్పటికీ నవ్వుకుంటూ చెప్పుకునే ముచ్చట ఇది: నిన్ను పంపింది చదువుకోమని, తోకచుక్కలు కనిపెట్టమని కాదు అని మందలించారట.

నాకీ ముచ్చట మీద అపారమైన గౌరవం. అధికారి దృష్టిలో చూడండి, తప్పు ఎక్కడుంది? పోలీసు చర్య జరిగి ఏడాది నిండలేదు, నగరంలో సైనిక గవర్నరు పాలన. ఉన్న ఫైళ్ళకే దిక్కులేదు. ఇంతలో తోకతో సహా కొత్త ఫైలొకటి ఆకాశం నుంచి ఊడిపడింది. ఆ తాఖీదు ఎట్లా నడిచుంటుందో ఊహించుకుని నేను ఒంటరిగా నవ్వుకుంటుంటాను. విషయం: తోకచుక్క కనుగొనుట – సంజాయిషీ కోరుట – గురించి. సదరు తోకచుక్కను కనుగొనుటకు ముందు సంబంధిత శాఖ అనుమతి పొందితిరా? పొందనిచో కారణమేమి? స్కాలర్‌షిప్ కాలములో దొరికినది కాన దానిని ప్రభుత్వ ఆస్తిగా ఏల ప్రకటించరాదు? దాని తోక నిర్వహణ ఖర్చు ఏ పద్దు కింద చూపవలెను? మిగతా ఇద్దరు భాగస్వాములలో ఒకరికైనా ముల్కీ ధ్రువపత్రము కలదా?

ఆ తోకచుక్క మళ్ళీ మన వైపు రావాలంటే సుమారు 60 వేల ఏళ్ళు పడుతుందట. సంజాయిషీ ఫైలు అప్పటికి తేలవచ్చు.

బప్పు బుద్ధి తెచ్చుకోలేదు. 1952లో డాక్టరేటు తీసుకుని, కార్నెగీ ఫెలోషిప్ మీద పాలొమార్ కొండకు పోయి, అప్పటి ప్రపంచంలోకెల్లా పెద్దదైన 200 అంగుళాల దుర్భిణి దగ్గర కూర్చున్నాడు. ఓలిన్ విల్సన్‌తో కలిసి ఒక సంబంధం పట్టుకున్నాడు. నక్షత్రం వెలుగును పట్టకంతో విడదీస్తే అందులో కాల్షియం గీత ఒకటి ఉంటుంది. ఆ గీత నడుమ మెరిసే భాగం ఎంత వెడల్పుంటే ఆ నక్షత్రం నిజంగా అంత ప్రకాశవంతమైనదని ఆ సంబంధం. అసలు వెలుగెంతో తెలిస్తే, మనకు చేరిన వెలుగును బట్టి దూరం లెక్కగట్టొచ్చు. 1957లో అచ్చయిన ఆ ఫలితాన్ని విల్సన్-బప్పు ప్రభావమని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. గీత చూసి ఆయుర్దాయం చెప్పేవాళ్ళకు మన దగ్గర వీధికో బోర్డు ఉంది. గీత చూసి దూరం చెప్పేవాడు తిరిగొస్తే హైదరాబాదులో కుర్చీ దొరకలేదు.

విత్తనం ఖర్చు హైదరాబాదుది, కోత మాత్రం ఇతరులది. ఉత్తరప్రదేశ్ పిలిచి వేధశాల చేతికిస్తే ఆయన దాన్ని నైనితాల్ కొండ మీద నిలబెట్టాడు. 1960లో కొడైకెనాల్‌కు డైరెక్టరై వచ్చాడు. తర్వాత తమిళనాడులో వాణియంబాడి దగ్గర, జవ్వాది కొండల్లో కావలూరు అనే పల్లె ఎంచుకుని 1967 నుంచి అక్కడ దుర్భిణులు నాటాడు. మన చిత్తూరు జిల్లా పొలిమేరకు ఆ కొండలు మరీ దూరమేం కాదు. ఎర్రచందనం దాటగలిగిన ఆ పొలిమేరను ఖగోళశాస్త్రం ఎందుకు దాటలేకపోయిందో మన చెక్‌పోస్టులే చెప్పాలి. 1972లో అక్కడ ఒక మీటరు దుర్భిణి వచ్చింది. ఆ ఏడాదే గురుగ్రహపు చందమామ గానిమీడ్‌కు పల్చటి వాతావరణం ఉందన్న ఆనవాలు చెప్పింది. 1977 మార్చి 10న యురేనస్ చుట్టూ వలయాలున్నాయని పట్టుకున్న కొద్ది చోట్లలో కావలూరు ఒకటి. 1971లో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్ పుట్టడం వెనక ఉన్నదీ ఆయనే.

ఆ తర్వాత పట్టిన పట్టు ఇంకా పెద్దది. 2.34 మీటర్ల అద్దాన్ని ఇక్కడే సానపట్టి, ఇక్కడే బిగించి, మన చేతుల్తోనే దుర్భిణి చేద్దామన్నాడు. గెలాక్సీల మసక వెలుగు అందాలంటే అద్దం అంతుండాలి. 1979లో ఆయన్ను ప్రపంచ ఖగోళ సంఘానికి అధ్యక్షుణ్ణి చేశారు. గుండె ఆపరేషన్ తర్వాత 1982 ఆగస్టు 19న మ్యూనిక్‌లో పోయాడు. దుర్భిణి పూర్తయి, 1986 జనవరి 6న రాజీవ్ గాంధీ దానికి ఆయన పేరు పెట్టే నాటికి పేరున్న మనిషి లేడు. మన్రో చూసి పోయాడంటారు. ఈయన చూడకముందే పోయాడు. మా గండి సూత్రంలో ఈ కేసు ఏ పద్దు కిందికి వస్తుందో పెద్దలు తేల్చాలి.

ఇక హైదరాబాదు తన వాటా ఆకాశాన్ని ఏం చేసిందో కూడా అనుకోవాలి. 1901లో నవాబ్ జఫర్ జంగ్ సొంత సొమ్ముతో పెట్టిన నిజామియా వేధశాల చిన్న సంగతి కాదు. ఆకాశమంతటికీ ఫొటో పటం గీయాలని పారిస్‌లో మొదలైన మహాయజ్ఞంలో హైదరాబాదు కూడా వాటా తీసుకుని, కొన్ని లక్షల నక్షత్రాల స్థానాలు కొలిచి సంపుటాలుగా అచ్చువేసింది. ఇప్పుడు బేగంపేటలో ఆ ఆవరణకు పోతే నక్షత్రాలు లెక్కపెట్టేవాళ్ళు కనబడరు. ఆర్థిక, సామాజిక అధ్యయనాల కేంద్రం ఉంది అక్కడ. పేదరికం లెక్కపెడతారు. తప్పుపట్టడం లేదు. రెండూ లెక్కకు అందనివే, పైగా పేదరికం పగటిపూట కూడా కనబడుతుంది, దుర్భిణి ఖర్చు మిగిలింది.

నగరం దీపాలకు జడిసి ఉస్మానియా విశ్వవిద్యాలయం 48 అంగుళాల దుర్భిణిని ఇబ్రహీంపట్నం అవతల జాపాల్-రంగాపూర్ దగ్గరకు తీసుకుపోయింది, 1960ల చివర్లో. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం నేరుగా ఆ వేధశాల నెత్తి మీదుగా పోయింది. దేశదేశాల శాస్త్రవేత్తలు పెట్టెలు మోసుకుని అక్కడికి వచ్చారు. గ్రహణం అట్లా ఇంటికొచ్చి తలుపు తట్టడం ఏ జాతికైనా అరుదు. ఆ మధ్యాహ్నం మన జనమేం చేశారు? తలుపులు వేసుకుని గడియపెట్టారు. రోడ్ల మీద కుక్కలు తప్ప ఎవరూ లేరు. గర్భిణులను చీకటి గదుల్లో కూర్చోబెట్టారు, నీళ్ళకుండల్లో దర్భలు వేశారు. ఎక్కడెక్కడివాళ్ళో వచ్చి మన ఆకాశం చూసుకుని పోయారు, మనం మన పైకప్పు చూసుకున్నాం. తర్వాత ఆ దుర్భిణి గతేమైందంటారా? మూలపడింది. మూలపడ్డ సంగతి పేపర్లలో అప్పుడప్పుడూ పడుతుంది. దాన్నే నిర్వహణ అంటారు.

ఇంత చెప్పాక గెలాక్సీలంటే తెలుగువాడికి బొత్తిగా పట్టదనుకోకండి, పాపం తగులుతుంది. ప్రకాశం జిల్లా చీమకుర్తిలో బ్లాక్ గెలాక్సీ తవ్వుతారు. నల్లరాయిలో బంగారు చుక్కలు, ప్రపంచమంతా వంటింటి గట్లకు పరుచుకుంటుంది. తవ్వడానికి లీజు ఉండి, లారీకెక్కించడానికి పర్మిట్ ఉండి, మీద కొత్తిమీర తరగడానికి వీలైన గెలాక్సీ ఏదైనా ఉంటే మనకంటే శ్రద్ధగా పరిశోధించేవాళ్ళు లేరు. జేబులో పెట్టుకునే గెలాక్సీ ఇంకొకటుంది. అది రాత్రి 2 గంటల దాకా చూస్తాం, మెడ దించుకుని.

రాశిఫలాలు వచ్చేది దాంట్లోనే. కన్యారాశి వారికి ఈ వారం ధనలాభం, బంధువులతో స్వల్ప మనస్పర్థలు. ఆ కన్యారాశి దిక్కున సుమారు 5.5 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో వెయ్యికి పైగా గెలాక్సీలు గుంపు కట్టి ఉన్నాయి. ఆ గుంపు నడుమ గెలాక్సీలో 650 కోట్ల సూర్యుళ్ళంత బరువున్న కృష్ణబిలం కూర్చుని ఉంది, 2019లో దాని ఫొటో కూడా వేశారు. అంత బలగం ఉన్న కన్య మా వేంపల్లె సుబ్బారెడ్డికి వడ్డీ డబ్బులు వసూలవుతాయా లేదా అనే దాని మీదనే దృష్టి పెట్టిందని నమ్మాలంటే గుండెధైర్యం కావాలి. మనకది ఉంది. జ్యోతిషాన్ని విశ్వవిద్యాలయాల్లో డిగ్రీ చదువుగా పెట్టాలని 2001లో యూజీసీ పూనుకుంటే, హైదరాబాదులో సీసీఎంబీ స్థాపించిన పుష్పమిత్ర భార్గవ కోర్టుకెక్కాడు. మన హైకోర్టు కొట్టేసింది, 2004లో సుప్రీంకోర్టూ కొట్టేసింది. కన్య గెలిచింది. ధనలాభం ఎవరికో చెప్పనక్కర్లేదు.

గండి పక్కనే ఇడుపులపాయలో ట్రిపుల్ ఐటీ ఉంది. పల్లెల్లో మెరికల్లాంటి పిల్లలు వేలమంది చదువుతున్నారు. వాళ్ళు నడిచే నేల మామూలు నేల కాదు. వేంపల్లె సున్నపురాళ్ళు, పులివెందుల వైపు శిలలు దాదాపు 190 కోట్ల ఏళ్ళనాటివి. తుమ్మలపల్లెలో యురేనియం ఉన్నదీ ఆ పొరల్లోనే. అదే కన్యారాశి దిక్కున 3సీ 273 అనే క్వేజార్, అంటే భగ్గున వెలిగే గెలాక్సీ నడిబొడ్డు, ఉంది, 240 కోట్ల కాంతి సంవత్సరాల దూరాన. ఒక మోస్తరు దుర్భిణితో ఈ రాళ్ళ మీద నిలబడి దాన్ని చూడొచ్చు. ఆ వెలుగు బయల్దేరేనాటికి కాళ్ళ కింది రాయి ఇంకా పుట్టలేదు. ఈ మాట ఆ పిల్లల్లో ఎవడన్నా ఇంటికి పోయి చెబితే ఏమవుతుందో నాకు తెలుసు.

‘నాయనా, నేను గెలాక్సీల మీద చదువుకుంటా.’

‘దానికి ప్యాకేజీ ఎంతంట?’

‘ప్యాకేజీ అని కాదు నాయనా...’

‘కాకపోతే సాఫ్ట్‌వేర్ జేరి, శని ఆదివారాలు చూసుకోరా. యాడికి బోతాయవి?’

ఆ నాయన అన్నది నిజమే. సెకనుకు వేల కిలోమీటర్ల చొప్పున పోతూనే ఉంటాయి, అయినా తొందరేం లేదు.

గెలాక్సీల చదువుకు మా కడప పిల్లలంత అర్హులు ప్రపంచంలో లేరని నేను ఊరికే అనడం లేదు. వేరా రూబిన్ అనే అమెరికా ఆవిడ సంగతి తీసుకోండి. 1965లో పాలొమార్‌లో దుర్భిణి వాడుకోవడానికి ఆవిడకు అనుమతి దొరికింది, ఆడవాళ్ళకు పాయిఖానా మాత్రం లేదు. కాగితంతో చిన్న గౌను కత్తిరించి మగవాళ్ళ తలుపు మీది బొమ్మకు అతికించి పని కానిచ్చిందట. 1970లో కెంట్ ఫోర్డ్‌తో కలిసి ఆండ్రోమెడా గెలాక్సీ తిరిగే వేగం కొలిచింది. నడుమ ఉన్న నక్షత్రాల వేగం ఎక్కువుండి, అంచుల్లోవి మందగించాలి. మందగించలేదు. కంటికి కనబడే సరుకు బరువుతో ఆ తిరుగుడు పొసగదు. ఇంకేదో ఉంది, దానికి వెలుగు లేదు, నీడ లేదు, కానీ లాగుడంతా దానిదే. కృష్ణపదార్థమన్నారు. కనబడే పదార్థానికి అది 5 రెట్లకు పైగా ఉంటుందని ఇప్పటి లెక్క. దీన్ని నమ్మడానికి ప్రపంచ శాస్త్రవేత్తలకు ఏళ్ళు పట్టింది. మా జిల్లాలో టీ కొట్టు కాడ అడిగుంటే ఒక్క గుక్కలో చెప్పేవాళ్ళు. టెండరు ఎవరి పేరు మీద ఉంది, పని ఎవరు చేస్తున్నారు, లాగుడు ఎవరిది అనే మూడూ వేరువేరని మాకు ఉగ్గుపాలతోనే తెలుసు. రూబిన్ నోబెల్ రాకుండానే 2016లో పోయింది. మాకూ రాలేదు.

కాంతి సంవత్సరమంటే ఏమిటో కూడా జమ్మలమడుగు పిల్లాడికి బోర్డు మీద గీయక్కర్లేదు. ఉక్కు ఫ్యాక్టరీ చూపిస్తే చాలు. 2007లో ఒక శంకుస్థాపన, 2018లో ఒకటి, 2019లో ఒకటి, 2023లో మళ్ళీ ఒకటి. ముఖ్యమంత్రులు మారారు, పార్టీలు మారాయి, కొబ్బరికాయ మారలేదు. కొలిమి వెలుగు బయల్దేరిందని ప్రతిసారీ చెప్పారు. దారిలో ఉంది. ఎంత దూరం నుంచి వస్తోందో కనుక్కోవడానికి విల్సన్-బప్పు పద్ధతి పనికిరాదు, ఎందుకంటే దానికి ఏదో ఒక వెలుగు కంటికి చేరుండాలి.

ఇంత దాకా వచ్చాను కాబట్టి ప్రొద్దుటూరు వదలలేను. చిన్న బొంబాయి అంటారు మా ఊరిని, బంగారం వ్యాపారానికి. గెలాక్సీల పరిశోధనకు దేశంలో ఎవరన్నా చందా ఇవ్వాల్సి ఉంటే మొట్టమొదట మా బంగారంగళ్ళ వాళ్ళే ఇవ్వాలి, ఎందుకంటే వాళ్ళు అమ్మే సరుకు తయారయ్యే చోటు అక్కడే. సూర్యుడి లాంటి నక్షత్రం కడుపులో బంగారం పుట్టదు. చచ్చిన నక్షత్రాల గుజ్జులాంటి న్యూట్రాన్ తారలు రెండు ఒకదాన్నొకటి గుద్దుకుంటే పుడుతుంది. 2017 ఆగస్టు 17న ఎన్‌జీసీ 4993 అనే గెలాక్సీలో అట్లాంటి గుద్దులాట కబురు మొదట గురుత్వ తరంగంగా, వెంటనే వెలుగుగా భూమికి చేరింది. అక్కడ బంగారం లాంటి బరువు మూలకాలు పుట్టిన జాడ దుర్భిణులకు దొరికింది. 13 కోట్ల కాంతి సంవత్సరాల అవతల.

తెలిసిన అంగట్లో కూర్చుని ఇదంతా వివరంగా చెప్పాను. శెట్టిగారు శ్రద్ధగా విన్నారు. నడుమ రెండుసార్లు త్రాసు కూడా ఆపారు. నాకు ఆశ పుట్టింది. రంగాపూర్ దుర్భిణికి తుప్పు వదిలించే మాట, కనీసం గండి కొండ మీద పిల్లల కోసం ఒక చిన్న దుర్భిణి పెట్టే మాట, నోటిదాకా తెచ్చుకున్నాను.

‘ఏం శెట్టిగారూ, ఏమంటారు?’

ఆయన కళ్ళజోడు పైకి నెట్టుకుని, కాసేపు లోలోపల లెక్కేసుకుని అడిగారు:

‘అంత దూరం నుంచి వచ్చేసరికి తరుగు ఎంత పోతాది సామీ?’